మహాచాయ్ రేవులో జావ్ ఫో గుడి: ఎలా వెళ్లాలి, ఎలా మొక్కాలి

థాయిలాండ్‌లో థా చీన్ నది సముద్రంలో కలిసే చోట మహాచాయ్ అనే రేవు పట్టణం ఉంది. బ్యాంకాక్‌కి నైరుతిగా, రైల్లో గంట దూరం. సముత్ సాఖోన్ రాష్ట్రానికి ఇదే ముఖ్య పట్టణం. ఊరంతా చేపల మీదే బతుకుతుంది: పట్టేవాళ్లు, వేరు చేసేవాళ్లు, ఎండబెట్టేవాళ్లు, డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు. ఈ ఊరికి కాపలా దేవుడు జావ్ ఫో లక్ మువాంగ్. నది ఒడ్డున, 1828లో మూడో రామ రాజు కాలంలో కట్టిన విచియన్ చోదోక్ కోట పక్కనే ఆయన గుడి. నది మీదుగా వచ్చే శత్రువు కోసం కోట కట్టారు. ఇప్పుడు ఆ ఫిరంగులకు పని లేదు, దేవుడికి మాత్రం రోజూ ఉంది. వేటకు వెళ్లే బోటువాళ్లు ముందు ఇక్కడ చెప్పుకొని, టపాకాయలు పేల్చి బయలుదేరతారు.

లక్ మువాంగ్ అంటే ఊరి స్తంభం. తెలంగాణ పల్లెల్లో బొడ్రాయి ఎలాగో అలాంటిది. థాయ్ పట్టణాల్లో చాలా చోట్ల అది నిజంగానే నిలువు స్తంభం. మహాచాయ్‌లో మాత్రం నిలబడి ఉన్న దేవుడి రూపాన్ని చెక్కలో మలిచి, పైన బంగారు రేకు అద్దారు. స్తంభం కోసం వెతుక్కుంటూ గుడంతా తిరగకండి. ఊళ్లో చైనా మూలాలున్న కుటుంబాలు ఎక్కువ కాబట్టి గుడి తీరు, పూజ తీరు చైనా పద్ధతిలోనే ఉంటాయి. బ్యాంకాక్‌లో బౌద్ధ ఆలయాలు చూసి వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే. అక్కడి అలవాట్లు కొన్ని ఇక్కడ చెల్లవు.

ఎప్పుడు వెళ్లాలి

పొద్దున్నే వెళ్లండి. ఎనిమిది, తొమ్మిది గంటలకల్లా గుళ్లో ఉంటే ఎండ తక్కువ, పొగ తక్కువ, పక్కనున్న చేపల బజారు మంచి ఊపులో ఉంటుంది. మధ్యాహ్నం వెళితే చూడటానికి గుడి ఉంటుంది కానీ రేవు నిద్రపోతుంటుంది.

బోట్లు ఎక్కువ చూడాలంటే చంద్రుణ్ణి చూసుకోండి. దీపాలు వెలిగించి చేపల్ని, స్క్విడ్‌లను పైకి రప్పించి పట్టే బోట్లకు పున్నమి రోజుల్లో పని సాగదు. వెన్నెల్లో దీపం వెలుగు తేలిపోతుంది. అందుకే పున్నమికి అటూ ఇటూ కొన్ని రోజులు ఆ బోట్లు రేవులోనే ఉంటాయి, కళాసీలు వలలు బాగుచేసుకుంటూ ఒడ్డునే కనిపిస్తారు. పున్నమి దాటాక ఒక్కో బోటూ బయలుదేరుతుంది. గుడి దగ్గర టపాకాయల మోత వినాలంటే ఆ రోజులు మేలు. ఇంకో సంగతి: చేపలు గుడ్లు పెట్టే కాలమని థాయిలాండ్ సింధుశాఖ లోపలి భాగంలో కొన్ని రకాల వలలపై ఏటా నిషేధం ఉంటుంది. పడమటి వైపు జూన్ 15 నుంచి ఆగస్టు 15 వరకు, ఉత్తరం వైపు ఆగస్టు 1 నుంచి సెప్టెంబరు 30 వరకు. ఆ నెలల్లో రేవు నిండుగానే కనిపించినా రాకపోకలు తగ్గుతాయి.

ఏడాదిలో పెద్ద సందడి దేవుడి ఊరేగింపు. సాధారణంగా జూన్‌లో వస్తుంది. తేదీ ఏటా మారుతుంది కాబట్టి విమానం టికెట్లు కొనే ముందే ఆ ఏటి తేదీ కనుక్కోండి. చైనా కొత్త సంవత్సరం రోజుల్లోనూ జనం విపరీతం. నింపాదిగా మొక్కుకోవాలనుకునేవాళ్లు ఈ రెండూ తప్పించి మామూలు వారం మధ్యలో వెళ్లడం మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పెద్ద పోటు రోజుల్లో నది నీళ్లు ఒడ్డు బాటల మీదికి వస్తాయి. ఆ రోజుల్లో తోలు బూట్లు వేసుకుంటే పాడవుతాయి.

చేరుకోవడం

రామా 2 రోడ్డు మీద కారులో వెళ్లొచ్చు. కానీ ఆ రోడ్డు మీద ట్రాఫిక్, ఏళ్ల తరబడి సాగుతున్న పనులు చూస్తే రైలే నయం. ఖర్చు కూడా పది థాయ్ బాట్లే.

బ్యాంకాక్ స్కైట్రైన్‌లో వాంగ్‌వియన్ యై స్టేషన్‌లో దిగండి. పొరపాటు జరిగేది ఇక్కడే: అదే పేరుతో రైల్వే స్టేషన్ ఇంకోటి ఉంది, అది ఈ స్టేషన్ కింద లేదు. తక్సిన్ మహారాజు గుర్రం మీద కూర్చున్న విగ్రహం ఉన్న పెద్ద కూడలి వైపు పదిహేను నిమిషాలు నడవాలి. కూడలి దాటాక దుకాణాల వరుస వెనక నక్కి ఉంటుంది అసలు స్టేషన్. బోర్డు చూసి కాదు, బజారు చూసి కనుక్కోవాలి. బ్యాంకాక్ పాత పెద్ద స్టేషన్ హువా లాంఫోంగ్‌కో, కొత్తగా కట్టిన పెద్ద టెర్మినల్‌కో వెళితే ఈ రైలు దొరకదు. ఈ లైను మిగతా రైల్వేతో కలవదు.

రైళ్లు దాదాపు గంటకొకటి. ముందుగా బుక్ చేసుకోవడం లేదు, కిటికీ దగ్గర టికెట్టు కొని ఎక్కడమే. ఒక రైలు తప్పితే గంట ఆగాలి కాబట్టి పదిహేను నిమిషాలు ముందుండండి. సుమారు 31 కిలోమీటర్లు, గంట ప్రయాణం. ఇళ్ల పెరళ్లు, గుడుల గోడలు, తర్వాత కాలువలు చూస్తూ వెళ్తారు. మహాచాయ్‌తో పట్టాలు అయిపోతాయి. దిగగానే బజారులో ఉంటారు.

అక్కడి నుంచి గడియార స్తంభం ఉన్న రేవు వైపు నడవండి. గుడి నది ఒడ్డున, రేవు నుంచి నడిచి వెళ్లేంత దగ్గరే. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకోండి, లేదా ఎవర్నైనా “సాన్ జావ్ ఫో లక్ మువాంగ్?” అని అడగండి. ఫో అన్నప్పుడు ఫలంలోని ఫ పలకాలి, ఫ్యాన్‌లోని శబ్దం వస్తే అవతలివాళ్లు బుర్ర గోక్కుంటారు. ఎండలో నడవలేకపోతే రేవు దగ్గర మోటారు సైకిల్ టాక్సీలు దొరుకుతాయి. నారింజ రంగు జాకెట్ వేసుకున్నవాళ్లను అడగండి, ఎక్కే ముందే ఎంతో మాట్లాడుకోండి.

ఏం వేసుకోవాలి, ఏం తీసుకెళ్లాలి

భుజాలు, మోకాళ్లు కప్పే నూలు బట్టలు. నూలే ఎందుకంటే, గుళ్లో చేతులనిండా వెలుగుతున్న అగరొత్తులతో జనం మీ పక్క నుంచే వెళ్తారు. సిల్కు, పాలిస్టర్ మీద నిప్పురవ్వ పడితే క్షణంలో చిల్లి పడుతుంది. పట్టుచీర కట్టుకుని వెళ్లాలని ముచ్చటపడేవాళ్లు ఆ ముచ్చట వేరే గుడికి దాచుకోండి. జుట్టు ముడేసుకోవడం కూడా మంచిదే.

డబ్బు చిల్లరగా ఉండాలి. ఇరవై బాట్ల నోట్లు ఓ పది ఉంటే పూజకు, నది దాటడానికి, టీకి సరిపోతాయి. వెయ్యి నోటు తీస్తే పూలమ్మే ఆమె దగ్గర చిల్లర ఉండదు. స్థానికులు ఫోన్‌తో కోడ్ స్కాన్ చేసి ఇస్తుంటారు. అది చూసి మన యాప్ కూడా పనిచేస్తుందని ధీమాగా వెళ్లకండి, నగదే దిక్కు. చేతి రుమాలు, మంచినీళ్లు తీసుకెళ్లండి. ఉబ్బసం ఉన్నవాళ్లు మాస్కు పెట్టుకోవాలి. పెద్ద రోజుల్లో లోపల పొగ కళ్లల్లో నీళ్లు తెప్పిస్తుంది.

నైవేద్యం కొనాలంటే బజారులోనే కొనుక్కెళ్లండి. కమలా పళ్లు ఎప్పుడూ చెల్లుతాయి: నాలుగో ఐదో, మచ్చ లేనివి. అరటి అత్తం కూడా బాగుంటుంది. స్థానికులు పంది తల, ఉడికించిన కోడి, చేప, సారా పెడతారు. బల్ల మీద అవి కనిపిస్తే ముఖం చిట్లించకండి. శాకాహారులు పళ్లు, పూలు పెడితే ఎవరూ తక్కువగా చూడరు. మీ పళ్లెం మాంసం పక్కన పెట్టడం ఇష్టం లేకపోతే బల్ల చివర ఖాళీ చూసి పెట్టండి. అక్కడున్న పళ్లేలు మాత్రం జరపొద్దు. అవి ఎవరి బోటు కోసమో పెట్టినవి.

గుళ్లో వరుస

గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి రెండు చూడండి. ఒకటి, చెప్పులు. బౌద్ధ ఆలయంలో తప్పక విప్పాలి. చైనా తీరు గుళ్లలో చాలా చోట్ల చెప్పులతోనే లోపలికి వెళ్తారు. గడప ముందు చెప్పుల వరుస ఉందా, బోర్డు ఉందా చూసి అక్కడివాళ్లు చేసినట్టే చేయండి. రెండు, గడప. దాన్ని దాటాలి, తొక్కకూడదు. పిల్లలకు ముందే చెప్పండి, గడప మీదెక్కి గెంతడం వాళ్లకు సరదా.

లోపల పూజ సామగ్రి బల్ల ఉంటుంది. అగరొత్తులు, ఎర్ర కొవ్వొత్తుల జత, పూలు, బంగారు రేకు, బంగారు రంగు కాగితాలు కలిపి ఒక కట్టగా ఉంటాయి. ధర రాసి ఉంటే అంతే, లేకపోతే హుండీలో తోచింది వేసి తీసుకోవాలి. బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయనకో పెద్దావిడకో చేతులు జోడించి “వాయ్ యాంగ్ ఙాయ్?” అనండి. ఎలా మొక్కాలి అని అర్థం. మగవారైతే చివర “ఖ్రాప్”, ఆడవారైతే “ఖా” చేరిస్తే మర్యాద. ఈ ఒక్క ప్రశ్నతో సగం గందరగోళం తీరుతుంది, తరచూ వాళ్లే వెంట వచ్చి చూపిస్తారు.

1. కొవ్వొత్తులు ముందు. అక్కడ వెలుగుతున్న నూనె దీపం నుంచే వెలిగించండి. మీ కొవ్వొత్తిని దీపంలో ముంచితే మైనం నూనెలో పడి దీపం కొండెక్కుతుంది. మంట అంచుకు తాకిస్తే చాలు. ఎర్ర జతను రెండు పక్కలా ఉన్న శూలాలకు గుచ్చాలి.

2. ఆ తర్వాత అగరొత్తులు. ఎన్ని వెలిగించాలో ముందు లెక్క వేసుకోండి. ఇసుక కుండీల పక్కన వరుస సంఖ్య, ఒక్కో కుండీకి ఎన్ని కడ్డీలో రాసి ఉంటాయి. కుండీకి మూడో ఐదో ఉండటం మామూలు. కుండీలెన్నో చూసి గుణించుకుని ఒకేసారి వెలిగించాలి. ఈ లెక్క మరిచి మొత్తం కట్ట మొదటి కుండీలోనే గుచ్చేసి, రెండో దాని ముందు ఉత్త చేతులతో నిలబడటం కొత్తవాళ్లందరికీ జరిగేదే. మంటను నోటితో ఊదకూడదు. చేత్తో విసిరో, కడ్డీలను కిందికీ పైకీ ఒక్కసారి ఊపో ఆర్పాలి. నడిచేటప్పుడు కడ్డీల కొసలు తల కంటే పైకి ఉండేలా పట్టుకోండి. ఛాతీ ఎత్తులో పట్టుకుంటే ముందున్నవాళ్ల వీపుకు తగులుతాయి.

3. మొదట మొక్కాల్సింది లోపలి దేవుడికి కాదు. బయట ఆకాశం కింద ఉండే కుండీ భూమ్యాకాశాలది, అది మొదటిది. దాని దగ్గర బయటికి, ఆకాశం వైపు తిరిగి మొక్కాలి. తర్వాత లోపలికి వచ్చి జావ్ ఫో ముందు, తర్వాత పక్కనున్న దేవతలకు, చివర ద్వారపాలకులకు. కుండీల మీద సంఖ్యలుంటే వాటి వరుసే ప్రమాణం. ఇక్కడ రాసిన క్రమానికీ వాటికీ తేడా ఉంటే వాటినే నమ్మండి.

4. జావ్ ఫో ముందు మోకాళ్ల మీద కూర్చోండి. పాదాలు వెనక్కి ఉండాలి, దేవుడి వైపు చాపకూడదు. ముందు మీ పేరు, ఊరు చెప్పుకుంటారు, తర్వాత కోరిక. తెలుగులో చెప్పుకోండి, మనసులో అయినా సరే. బోటువాళ్లు బోటు పేరు, ఎన్ని రోజులకు వెళ్తున్నదీ చెప్పుకుంటారు. మీది ప్రయాణమైతే ప్రయాణం సంగతే చెప్పండి. ఈయన దగ్గర అడిగేది ప్రధానంగా క్షేమమే.

5. కడ్డీలను ఎడమ చేత్తో, ఒక్కొక్కటిగా, నిలువుగా గుచ్చాలని పెద్దవాళ్లు చెబుతారు. చేతుల సంగతి ఎలా ఉన్నా నిలువుగా గుచ్చడం ముఖ్యం. ఒరిగిన కడ్డీ బూడిద మీ చేతి మీదే రాలుతుంది. గుచ్చిన రెండు నిమిషాలకే గుడి మనిషి వచ్చి సగం కాలిన కడ్డీలు పీకి నీళ్ల డబ్బాలో వేస్తే నొచ్చుకోకండి. పొగ తగ్గించడానికి, కొత్తవాటికి చోటివ్వడానికి చేస్తారు. మీ మొక్కు చేరినట్టే.

6. బంగారు రేకు అందరూ పాడుచేసేదే. అది ఉల్లిపొర కంటే పలచన, చెమట చేతికి అంటుకుని ఊడిరాదు. చెయ్యి రుమాలుతో తుడుచుకోండి. కాగితంతో సహా పట్టుకుని, రేకున్న వైపు విగ్రహానికి ఆనించి, వెనక నుంచి బొటనవేలితో రుద్ది, కాగితం మెల్లగా లాగండి. ఫ్యాన్ గాలికి ఎదురుగా విప్పితే రేకు ఎగిరిపోతుంది. రేకు అద్దడానికి ముందు భాగంలో చిన్న విగ్రహం పెట్టి ఉంటే దానికే. పీఠం ఎక్కి పెద్ద విగ్రహాన్ని తాకకూడదు.

7. దీపంలో నూనె పోయడం కావాలంటే చేయండి. చిన్న సీసాలో ఇస్తారు, గాజు దీపాల్లో సన్నధారగా పోయాలి. మొత్తం ఒకే దీపంలో గుమ్మరిస్తే వత్తి మునిగి ఆరిపోతుంది, అది ఎవరికీ నచ్చదు. రెండు మూడింటికి పంచండి.

8. బంగారు రంగు కాగితాలను మొక్కాక బయటున్న కొలిమిలో కాల్చాలి. కట్టగా వేస్తే లోపలివి కాలవు. విప్పి, కొన్ని కొన్నిగా వేయండి. కొలిమిలో ప్లాస్టిక్ కవరు వేయొద్దు.

పళ్లు వెంటనే ఎత్తుకోకూడదు. కడ్డీలు కాలేదాకా, ఓ ఇరవై నిమిషాలు ఉంచి, మళ్లీ చేతులు జోడించి తీసుకుంటానని చెప్పి తీసుకోవచ్చు. ఇంటికి తీసుకెళ్లి పంచుకునే ప్రసాదం అదే. కొందరు ఒకటి రెండు గుళ్లోనే వదిలేస్తారు.

ఫొటో తీయాలంటే “థాయ్ రూప్ దాయ్ మాయ్?” అని అడగండి. విగ్రహానికి వీపు చూపిస్తూ సెల్ఫీ తీసుకోవడం ఇక్కడ చూడటానికి అసహ్యం. మొక్కుతున్న బోటువాళ్ల ముఖాలు అడక్కుండా తీయకండి. ఈ ఊళ్లో బోట్ల మీదా ఫ్యాక్టరీల్లోనూ పనిచేసేవాళ్లలో చాలామంది మయన్మార్ నుంచి వచ్చినవాళ్లు. తమ ఫొటో ఎక్కడో తేలడం వాళ్లకు చిక్కే.

జోస్యం పుల్లలు

వెదురు గొట్టంలో నంబర్లు వేసిన పుల్లలుంటాయి. దీన్ని సియమ్‌సీ అంటారు. మోకాళ్ల మీద కూర్చుని, ఒకే ప్రశ్న మనసులో అనుకుని, గొట్టాన్ని కొంచెం ముందుకు వంచి సన్నగా కదపాలి. ఒక పుల్ల మెల్లగా పైకి లేచి కింద పడుతుంది. గట్టిగా ఊపితే గుప్పెడు పడతాయి. రెండు పడినా లెక్కలోకి రావు, మళ్లీ మొదలు. కొందరు నిర్ధారణకు అర్ధచంద్రాకారపు చెక్కల జత వేస్తారు: ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అవును. రెండూ ఒకేలా పడితే అవును అన్నట్టు కాదు. నంబరు చూసి గోడనున్న అరలోంచి అదే నంబరు చీటీ తీసుకోండి. థాయ్‌లోనో చైనీస్‌లోనో ఉంటుంది, ఫోన్ అనువాదం దాన్ని వింత కవిత్వంగా మారుస్తుంది. సారాంశం మంచిదా చెడ్డదా తెలిస్తే చాలు. చెడ్డ చీటీని ఇంటికి తీసుకెళ్లరు, గుళ్లోనే వదిలేస్తారు.

మొక్కు విషయంలో జాగ్రత్త

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటే ఇది గుర్తుంచుకోండి. కోరుకోవడం వేరు, మొక్కుకోవడం వేరు. “క్షేమంగా చూడు” అంటే అది ప్రార్థన. “పని అయితే పంది తల పెడతాను, నాటకం ఆడిస్తాను” అంటే అది బాకీ. థాయ్ వాళ్లు దీన్ని చాలా గట్టిగా పట్టించుకుంటారు. మొదటిదాన్ని ఖో అంటారు, రెండోదాన్ని బన్. బన్ చేసినవాళ్లు పని అయ్యాక వచ్చి కే బన్, అంటే మొక్కు తీర్చడం, చేసి తీరాలి. బోటు యజమానులు వేట బాగా పడితే చైనా నాటకమో, ఆరుబయట సినిమానో కట్టిస్తారు. ఆ ప్రదర్శన ముందు ఒక్క ప్రేక్షకుడు లేకపోయినా ఆగదు, చూసేది దేవుడు కాబట్టి.

వారం రోజుల టూరుకు వచ్చినవాళ్లు బన్ చేయకపోవడం తెలివి. తిరిగొచ్చే టికెట్టు ఎప్పుడు కొంటారో మీకే తెలియదు. అయినా మనసు ఒప్పుకోకపోతే తిరిగి రానక్కర్లేని మొక్కు ఎంచుకోండి: అక్కడికక్కడే నూనె పోయడం, హుండీలో వేయడం. ఇప్పటికే ఏదో ఒప్పేసుకుని ఇంటికి వచ్చేసినవాళ్లు బ్యాంకాక్‌లో ఉన్న బంధువుల చేత తీర్పించవచ్చు. మీ తరఫున వెళ్లినవాళ్లు మీ పేరు, ఏం మొక్కారో, ఏం తెచ్చారో స్పష్టంగా చెప్పాలి. అంకెలు తగ్గించి బేరమాడొద్దు. తొమ్మిది దండలన్నవాళ్లు తొమ్మిదే ఇవ్వాలి.

టపాకాయలు

ఎర్ర టపాకాయల దండను పేల్చడమే ఇక్కడి బోటువాళ్ల వీడ్కోలు. దాని కోసం కేటాయించిన చోటు ఉంటుంది. మీరూ పేల్చవచ్చు, కానీ మీరే వెలిగించకండి. దండ కట్టాల్సిన కొక్కెం, వత్తి పొడవు, గాలి ఎటు వీస్తుందో గుడి మనిషికి తెలుసు. హుండీలో డబ్బు వేసి ఆయనకివ్వండి. పదడుగులకు తక్కువ కాకుండా వెనక్కి జరిగి చెవులు మూసుకోండి. గోడల మధ్య పేలేసరికి మోత రెండింతలవుతుంది. చంటిపిల్లల్ని ముందే దూరం తీసుకెళ్లాలి. పేలని టపాకాయలు కింద పడి ఉంటే ముట్టుకోవద్దు, కొన్ని ఆలస్యంగా పేలతాయి. బయటి నుంచి తెచ్చుకున్నవి పేల్చకండి. విమానంలో తెచ్చే ఆలోచన అసలే వద్దు.

ఇదంతా చూసి పాతకాలపు నమ్మకం అనుకునేవాళ్లకు ఒక సంగతి. అక్రమ వేటను అరికట్టడం లేదని ఐరోపా సమాఖ్య 2015లో థాయ్ చేపల వేటకు పసుపు కార్డు, అంటే హెచ్చరిక, చూపించింది, 2019లో తీసేసింది. ఆ నడుమ వచ్చిన నిబంధనల ప్రకారం పెద్ద బోట్లు రేవు వదిలేముందు, తిరిగొచ్చాక ప్రభుత్వ కేంద్రంలో కాగితాలు, మనుషుల జాబితా చూపించాలి. ఇక్కడి నావికుడికి రెండూ కావాలి: అక్కడ ముద్ర, ఇక్కడ టపాకాయ.

ఒడ్డున బోట్లు చూసేటప్పుడు

ప్రతి బోటు అనియానికీ, అంటే ముందు కొమ్ముకు, రంగురంగుల గుడ్డలు, పూలదండలు చుట్టి ఉంటాయి. అది అలంకారం కాదు. బోటులో ఉండే అమ్మవారు మే యా నాంగ్ నివాసం అక్కడే. బోటు ఎక్కే అవకాశం దొరికినా ఆ ముందు కొమ్ము మీద కూర్చోకండి, కాలు పెట్టకండి, దాటకండి. ఫొటో కోసం గుడ్డలు సర్దడం కూడా వద్దు. ఎక్కడానికి ముందు చేతులు జోడిస్తే కళాసీల ముఖాలు విప్పారతాయి. ఒడ్డు పలకలు చేపల జిగురుతో, ఐసు నీళ్లతో జారుతుంటాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి. లంగరు తాళ్ల మధ్య నిలబడొద్దు. బోటు కదిలితే తాడు ఒక్కసారిగా బిగుసుకుంటుంది.

ఊరేగింపు రోజు వస్తే

దేవుణ్ణి పల్లకీలో బజారు వీధుల్లో తిప్పి, అలంకరించిన చేపల బోటు ఎక్కించి, నది దాటించి ఎదుటి ఒడ్డున ఉన్న థా చలోమ్‌కు తీసుకెళ్తారు. వెంట బోట్ల బారు. వీధుల్లో ఇళ్ల ముందు బల్లలు వేసి పళ్లు, అగరొత్తులతో ఎదురుచూస్తారు. మీరు చూడాలంటే బోటు ఎక్కే చోట తోసుకోవద్దు. థా చలోమ్ వైపు ముందే దాటి ఒడ్డున నీడ చూసుకోండి, వచ్చే బోట్లు ఎదురుగా కనిపిస్తాయి. ఊరేగింపు మొదలయ్యాక నదిని దాటించే పడవలు ఆగిపోవచ్చు. పల్లకీ వస్తుంటే మేడ మీద నుంచి కిందికి చూడకుండా దిగి నిలబడటం మర్యాద. ఉచితంగా అన్నం, శీతల పానీయాలు పంచుతారు, తీసుకోండి, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు.

నది దాటి, ఇంకాస్త దూరం

గడియార స్తంభం రేవు నుంచి థా చలోమ్‌కు పడవ నిమిషాల్లో దాటిస్తుంది. నాణేలు సరిపోతాయి. థాయిలాండ్‌లో బ్యాంకాక్ బయట తొలి పురపాలన ప్రయోగం ఐదో రామ రాజు కాలంలో ఈ చిన్న పేటలోనే జరిగింది. మూడు చక్రాల రిక్షాలు ఇంకా ఉన్నాయి. నది వైపు చూస్తూ నిలబడ్డ, చైనా వాళ్ల కరుణ దేవత గ్వాన్‌యిన్ పెద్ద విగ్రహమున్న వాట్ చోంగ్ లోమ్ దాకా రిక్షాలో వెళ్లిరావచ్చు. అక్కడ బౌద్ధ ఆలయ పద్ధతి, చెప్పులు విప్పాలి.

ఆ ఒడ్డునే బాన్ లేమ్ స్టేషన్ నుంచి బజారు మధ్యలోంచి వెళ్లే మే క్లోంగ్ రైలు బయలుదేరుతుంది. రోజుకు నాలుగే. దాని కోసం పరుగెత్తుతూ జావ్ ఫో గుడిని పది నిమిషాల్లో ముగించే యాత్రికులే ఎక్కువ. రెండూ కావాలంటే బ్యాంకాక్‌లో తెల్లవారుజాము రైలు ఎక్కాలి, బాన్ లేమ్ నుంచి రైలు ఎప్పుడో ముందే చూసుకోవాలి.

సమయముంటే మే క్లోంగ్ కంటే ఖోక్ ఖామ్‌కు వెళ్లమంటాం. అక్కడి కాలువ గట్టున ఫాన్ థాయ్ నోరసింగ్ గుడి ఉంది. 1704లో అయుత్థయ రాజు, పులిరాజని పేరున్నవాడు, ఏకచాయ్ అనే నావలో వెళ్తుండగా కాలువ మలుపులో చెట్టు తగిలి అనియం విరిగింది. రాచనావ అనియం విరిగితే చుక్కానివాడి తల తీయాలని శాసనం. రాజు క్షమించి, మట్టిబొమ్మ తల తీయిస్తానన్నా చుక్కానివాడైన నోరసింగ్ ఒప్పుకోలేదని, శాసనం నిలవాలని తానే శిక్ష కోరాడని చెబుతారు. ఆ తర్వాతే వంకర కాలువకు బదులు తిన్నగా మహాచాయ్ కాలువ తవ్వించారు. ఇక్కడ మొక్కు తీర్చేవాళ్లు తెచ్చేది తెడ్లు, కోడిపుంజు బొమ్మలు, బాక్సింగ్ గ్లోవ్స్. ఆయనకు కోడిపందేలు, ముష్టియుద్ధం ఇష్టమని నమ్మకం. మహాచాయ్ నుంచి కారులో అరగంట లోపే. కానీ అటు వెళ్లిన టాక్సీని వదిలేయకండి, తిరుగు బండి దొరకడం కష్టం. వెయిటింగ్‌తో కలిపి ముందే మాట్లాడుకోండి.

భోజనం

మహాచాయ్‌లో శాకాహారం వెతుక్కోవాలి. “మాంసం వద్దు” అంటే చేప సాసు, ఎండు రొయ్యలు మాంసంలో లెక్కకురావు. “కిన్ జే” అనండి, పసుపు పచ్చ జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్టు చూడండి. అక్కడ గుడ్డు, పాలు, వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు. చేపలు తినేవాళ్లకు ఈ ఊరు పండగే. రేవు దగ్గరి హోటళ్లలో ధర కిలో లెక్క, తూకం వేయించాకే వండమనండి. ఎండుచేపలు కొంటే రెండు మూడు కవర్లు వేసి కట్టించుకోండి. రైల్లో పక్కవాళ్లు ఏమీ అనరు కానీ హోటల్ గది వాళ్లు జరిమానా వేస్తారు.

తిరుగు రైలు సమయాలు పొద్దున దిగగానే స్టేషన్ బోర్డుని ఫొటో తీసుకోండి. సాయంత్రం ఏడు దాటాక బ్యాంకాక్ వైపు రైలు దొరుకుతుందని నమ్ముకోవద్దు. అది తప్పితే రామా 2 రోడ్డు మీద వ్యానో, టాక్సీనో.